రాత్రి తడి.. పొద్దున మచ్చ

ఉప్పుగూడ నుంచి ఒక తమ్ముడు వాట్సాప్‌లో ఆరు ఫొటోలు, ఒక వాయిస్ మెసేజ్ పంపాడు. మెసేజ్ ఉన్నదున్నట్టు రాస్తున్నా.

“అన్నా, నేను ఒక ఫంక్షన్ హాల్ల లాన్ మెయింటెనెన్స్ చూస్త. నెలకింత అని మాట్లాడుకున్నం. మెక్సికన్ గడ్డి, రెండేండ్ల కింద కార్పెట్ ఏసిన్రు. దసరా నుంచి గుండ్రంగ మచ్చలొస్తున్నయ్. ముందుగాల ప్లేటంత ఉండె, ఇప్పుడు చాటంతయినయ్. పసుపెక్కిందని యూరియా ఏసిన, ఇంకా ఎక్కువైనయ్. దుకాణపాయన మూడు పొడులిచ్చి మూడూ కలిపి కొట్టుమన్నడు. కార్తీకంల పెండ్లిళ్లున్నయ్. మచ్చలు పోకపోతే పైసల్ కట్ జేస్తనని ఓనర్ అంటున్నడు. ఏం జెయ్యాలె?”

ఈ కాలమ్‌లో మామూలుగా కుండీలు, టెర్రస్ టమాటాలు, మనీప్లాంట్ ఆకులు ఎందుకు వాడుతున్నాయి.. ఇవే నడుస్తుంటాయి. గడ్డి గురించి అడిగేవాళ్లు తక్కువ. లాన్ ఉన్నవాళ్లకు మాలీ ఉంటాడు, మాలీకి ఇలాంటివి చదివే తీరిక ఉండదు. ఈసారి అడిగింది మాలీయే. అతని నెల డబ్బులు ఆ మచ్చల మీద ఆధారపడి ఉన్నాయి. పెళ్లికొచ్చిన పిల్లలు చెప్పులిప్పి దొర్లే గడ్డి మీద మూడు మందులు కలిపి కొట్టాలా వద్దా అన్నది కూడా అతని చేతిలోనే ఉంది. అందుకని ఈ వారం మొత్తం గడ్డే.

నేను ఫోన్ చేసి ముందు ఒకటే అడిగాను. నీళ్లు ఎప్పుడు పెడుతున్నావ్?

“రాత్రే అన్నా. ట్యాంకర్ పొద్దుగూకినంక వస్తది. సంపు చిన్నది. నీళ్లు వచ్చినట్టే పైపు వెట్టి కొడ్త. ఎనిమిదింటికి అయిపోతది.”

సగం రోగం అక్కడే దొరికింది. మిగతా సగం కోసం ఒక చిన్న పని చేయమన్నాను. మచ్చ మధ్యలో కాదు, అంచున, పచ్చగడ్డీ పాడైన గడ్డీ కలిసే చోట ఒక పిలకను పట్టి మెల్లగా లాగమన్నా. ఆకు సులువుగా ఊడి చేతికొచ్చింది. మొదలు దగ్గర గోధుమ రంగులో కుళ్లి ఉంది. మచ్చ అంచు కాస్త నారింజ, రాగి రంగు కలిసినట్టుంది. ఫొటోలు చూసి నూటికి నూరుపాళ్లు చెప్పేయలేం గానీ, ఈ లక్షణాలన్నీ కలిస్తే అనుమానం ఒకరి మీదికే పోతుంది: రైజోక్టోనియా సొలాని అనే ఫంగస్.

పేరు కొత్తగా ఉందా? మీలో ఎవరి ఇంట్లోనైనా వరి వేస్తే దీని పని మీకు తెలుసు. వరికి పాముపొడ తెగులు తెచ్చేది ఈ జాతే. నీటిమట్టం దగ్గర పిలక మీద పాము పొడల్లాంటి మచ్చలు లేస్తాయే, అదే. వరీ గడ్డి కుటుంబమే, లాన్ గడ్డీ అదే కుటుంబం. కాకపోతే ఈ ఫంగస్‌లో చాలా బృందాలున్నాయి. వరిని పట్టేది ఒకటి, మెక్సికన్ గడ్డిని పట్టేది ఇంకొకటి. కాబట్టి ఊళ్లో పొలం నుంచి మీ చెప్పులకు అంటుకుని వచ్చిందేమో అని కంగారుపడక్కర్లేదు.

అసలు సంగతి ఏంటంటే, ఇది ఎక్కడి నుంచో ‘రావడం’ అంటూ పెద్దగా ఉండదు. మట్టిలో, ఎండిన గడ్డి పొరలో, గట్టిపడ్డ చిన్న గింజల్లాంటి రూపంలో ఏళ్ల తరబడి పడి ఉంటుంది. పరిస్థితి కుదిరినప్పుడు లేస్తుంది. తెగులు పట్టాలంటే మూడు ఒకేచోట కలవాలి: ఫంగస్, దానికి లొంగే గడ్డి, దానికి నచ్చే వాతావరణం. ఫంగస్‌ని మట్టిలోంచి పూర్తిగా తీసేయడం ఎవరివల్లా కాదు. గడ్డిని రాత్రికి రాత్రి మార్చలేం. మన చేతిలో ఉన్నది మూడోది. అందులోనూ ముఖ్యంగా ఆకు ఎన్ని గంటలు తడిగా ఉంటుందన్నది.

ఈ లెక్క చూడండి. గడ్డి తెగుళ్లు చాలావాటికి ఆకు ఏకధాటిగా పది, పన్నెండు గంటలు తడిగా ఉంటే పండగే. మన తమ్ముడు రాత్రి ఎనిమిదింటికి పైపు కట్టేస్తున్నాడు. ఆ తడి ఆరకముందే మంచు మొదలవుతుంది. హాల్‌కి మూడు వైపులా ఇళ్లు, గోడలు. ఎండ గడ్డి మీద పడేసరికి పొద్దున తొమ్మిదిన్నర. అంటే పదమూడున్నర గంటలు. ఫంగస్‌కి భోజనం, ఏసీ రూమ్ రెండూ మనమే ఇచ్చినట్టు. అదే నీళ్లు తెల్లవారుజామున ఐదింటికి పెడితే? రాత్రి మంచుతో ఎలాగూ తడిసిన సమయంలోనే ఈ తడీ కలిసిపోతుంది. కొత్తగా గంటలు పెరగవు. పైగా ఆకు మీదున్న మంచును నీళ్లు కడిగేస్తాయి.

ఆ కడగడం చిన్న విషయం కాదు. పొద్దున గడ్డి కొసల మీద మెరిసే బొట్లన్నీ గాల్లోంచి దిగినవి కావు. కొన్ని గడ్డి లోపలి నుంచి వచ్చినవే. రాత్రిపూట వేరు నీళ్లు తాగుతూనే ఉంటుంది, ఆవిరవడం తగ్గుతుంది, ఆ ఒత్తిడికి ఆకు కొస నుంచి బొట్టు బయటికొస్తుంది. అందులో చక్కెరలు, అమైనో ఆమ్లాలు కొద్దికొద్దిగా ఉంటాయి. మనకు ఇన్‌స్టా రీల్‌కి పనికొచ్చే బొట్టు, ఫంగస్‌కి హెల్త్ డ్రింక్.

క్రికెట్ చూసేవాళ్లకు ఇది ఈజీగా అర్థమవుతుంది. రాత్రి మ్యాచ్‌లో గ్రౌండ్ స్టాఫ్ ఇద్దరు పొడవాటి తాడు పట్టుకుని ఔట్‌ఫీల్డ్ అంతా ఈడ్చుకుంటూ పరిగెత్తుతారు కదా. వాళ్ల ఉద్దేశం బంతి జారకూడదని. గోల్ఫ్ కోర్సుల్లో పొద్దున్నే ఇదే పని తెగులు కోసం చేస్తారు. తాడు, పైపు, పొడవాటి సన్న కర్ర, ఏదో ఒకటి గడ్డి మీద లాగి మంచు రాల్చేస్తారు. ఐపీఎల్ 2024లో బెస్ట్ పిచ్, గ్రౌండ్ అవార్డు మన ఉప్పల్ స్టేడియానికే వచ్చింది. అక్కడున్నన్ని మెషీన్లు ఉప్పుగూడ ఫంక్షన్ హాల్లో ఉండవు, నిజమే. కానీ తాడు ఉంటుంది. టెంట్‌హౌస్ వాళ్ల దగ్గర కావాల్సినంత ఉంటుంది. ఇద్దరు మనుషులు, పది నిమిషాలు. పైసా ఖర్చు లేదు.

సరే, నీళ్లు పొద్దున పెట్టాలని పుస్తకం చెప్తుంది. పుస్తకం రాసినాయన ఇంటికి ఇరవై నాలుగ్గంటలు నీళ్లొస్తాయేమో. పాతబస్తీలో చాలా గల్లీల్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఏ టైముకొస్తే ఆ టైముకి బిందెలు, డ్రమ్ములు సిద్ధంగా ఉండాలి. ట్యాంకర్ వాడు కూడా మన గడ్డి ఆరోగ్యం చూసి రాడు. మాలీలకు రాత్రి నీళ్లు పెట్టొద్దని చెప్పేవాళ్లంతా ఈ ముక్క మర్చిపోతారు. నా ఉద్దేశంలో ఇక్కడ ఖర్చు పెట్టాల్సింది మందు పొడుల మీద కాదు, నీళ్లు రాత్రంతా ఆగడానికి ఒక ట్యాంకు మీద.

లెక్క ఇలా ఉంటుంది. 200 గజాల లాన్ అంటే సుమారు 167 చదరపు మీటర్లు. వానల్లేని మామూలు వారంలో గడ్డికి 2.5 సెంటీమీటర్ల నీళ్లు సరిపోతాయి. అంటే వారానికి దాదాపు 4,200 లీటర్లు. ఒక ఐదు వేల లీటర్ల ట్యాంకర్‌లో ఇంకా కొంచెం మిగులుతుంది. దీన్ని రోజూ చిలకరించకుండా వారానికి రెండుసార్లు పెడితే, ఒక్కో విడతకు రెండు వేల లీటర్ల పైచిలుకు. ఒక రెండు వేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, దానికి తోడు ఉన్న చిన్న సంపు. ట్యాంకర్ రాత్రొచ్చినా పర్లేదు, నీళ్లు అందులో పడుకుంటాయి, పొద్దున ఐదింటికి మోటార్ వేస్తే చాలు. లేచే ఓపిక లేకపోతే మోటార్‌కి టైమర్ పెట్టించొచ్చు.

2.5 సెంటీమీటర్లు పడ్డాయని ఎలా తెలుస్తుంది? బిర్యానీ పార్శిల్ డబ్బాలు ఇంట్లో ఎన్నున్నాయో నాకు తెలుసు. నిలువుగా గోడలున్నవి నాలుగైదు తెచ్చి లాన్‌లో అక్కడక్కడా పెట్టి, ఎప్పటిలాగే నీళ్లు కొట్టండి. స్కేలుతో కొలవండి. ఒక డబ్బాలో మూడు సెంటీమీటర్లు, ఇంకోదాంట్లో అర సెంటీమీటర్ ఉంటే మచ్చలు ఆ మూలే ఎందుకొస్తున్నాయో మీకే తెలిసిపోతుంది.

రోజూ కొంచెం కొంచెం చిలకరించడం చాలామందికి ప్రేమ. కానీ దానివల్ల పైపైన తడి ఉంటుంది, వేరు కిందికి వెళ్లదు, ఆకు మాత్రం రోజూ తడుస్తుంది. గడ్డికి దాహమేస్తే అదే చెప్తుంది: రంగు కొంచెం బూడిద నీలంగా మారుతుంది, నడిస్తే అడుగుల గుర్తులు లేవకుండా అలాగే ఉండిపోతాయి. అది కనిపించాక మర్నాడు పొద్దున పెట్టండి.

ఇంట్లో చిన్న లాన్ ఉన్నవాళ్లకు ఇంకో ముక్క. ఆర్‌వో ఫిల్టర్ వదిలేసే నీళ్లు గడ్డికి పోస్తున్నారా? ఆ నీళ్లలో ఉప్పులు ఎక్కువ. వారాల తరబడి అవే పోస్తే ఆకు కొసలు మాడి ఎండుతుంది, మీరేమో ఫంగస్ అనుకుంటారు. కొన్ని బోరు నీళ్లతోనూ ఇదే గొడవ. ఉప్పుగూడ పేరులో ఉప్పుంది సరే, మట్టిలో మనం పోయక్కర్లేదు.

అసలు మచ్చ కనిపించగానే ఫంగస్ అనేయడం కూడా తప్పే. ఫంక్షన్ హాల్లో గడ్డి చావడానికి వంద కారణాలు. వంటవాళ్లు వేడి గంజి పారబోసిన చోటు, జనరేటర్ డీజిల్ కారిన చోటు, కుక్క రోజూ కాలెత్తే చోటు.. ఇవన్నీ మచ్చలే. గడ్డిని పట్టి లేపితే చాపలా మొత్తం ఊడి వచ్చిందంటే కింద వేరుపురుగు ఉందేమో తవ్వి చూడండి. తెల్లగా, లావుగా, సున్నాలా ముడుచుకుని ఉంటుంది. దానికి ఫంగస్ మందు ఎంత కొట్టినా దండగే. తెగులైతే పొద్దున్నే చూడాలి, ఆరుంపావుకి, మంచు ఉన్నప్పుడు. సాలెగూడులా తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగసే. తొమ్మిదింటికి వెళ్తే ఆ పోగులు ఉండవు, సాక్ష్యం మాయం.

అన్ని ఫంగస్‌లూ ఒకటి కావు. వాటి కోరికలూ వేరు. రూపాయి బిళ్ల నుంచి అరచేతిలో సగమంత వరకు, గడ్డి రంగులో వెలిసిపోయిన చిన్న చిన్న చుక్కలు వస్తే అది డాలర్ స్పాట్. అమెరికా వెండి డాలరంత ఉంటుందని ఆ పేరు. దాన్ని 1937లో బెన్నెట్ అనే శాస్త్రవేత్త ఒక పేరుతో నమోదు చేశాడు, 2018లో శాస్త్రవేత్తలు దానికి కొత్త ప్రజాతి పెట్టి క్లారిరీడియా అన్నారు. దీని విచిత్రం ఏంటంటే, ఆకలితో ఉన్న గడ్డిని ఇది ఎక్కువ పడుతుంది. నత్రజని తక్కువైతే రెచ్చిపోతుంది. షూస్‌కి నారింజ పొడి అంటుకుంటే తుప్పు తెగులు. అదీ ఎక్కువగా తిండి లేని గడ్డికే. రైజోక్టోనియా సరిగ్గా రివర్స్. తిండి ఎక్కువై, మెత్తగా, నీరు పట్టి పెరిగిన ఆకంటే దానికి ఇష్టం. వానాకాలంలో, రాత్రి కూడా ఉక్కపోత ఉన్నప్పుడు, జిడ్డుగా, కుళ్లినట్టుగా, నీళ్లు పారిన దారి వెంబడి గడ్డి పడిపోతే అది పిథియం. నిజానికి పిథియం ఫంగస్ కూడా కాదు, నాచుకు దగ్గరి చుట్టం. అందుకే ఫంగస్‌కి వాడే మందులు కొన్ని దాని మీద పనిచేయవు. దుకాణపాయన ఇవేవీ అడగకుండానే మూడు పొడులు చేతిలో పెట్టాడు.

ఇప్పుడు యూరియా. గడ్డి పసుపెక్కగానే యూరియా వేయాలన్నది మన చేతికున్న అలవాటు. యూరియాలో 46 శాతం నత్రజని. వేసిన వారానికి ఆకు నవనవలాడుతూ లేస్తుంది, గోడలు పల్చగా. రైజోక్టోనియా ఉన్నప్పుడు అది పెట్రోల్ పోయడమే. తమ్ముడి మచ్చలు ప్లేటు నుంచి చాటంత కావడానికి రాత్రి నీళ్లు ఒక కారణమైతే, యూరియా రెండోది. మచ్చలు పాకడం ఆగేదాకా యూరియా బంద్. తర్వాత ఎప్పుడైనా వేసినా 100 గజాలకు ఒక్కసారికి అర కిలో దాటొద్దు, వేశాక నీళ్లు పెట్టాలి. మెక్సికన్, కొరియన్ అని నర్సరీల్లో అమ్మే గడ్డి చాలావరకు జోయ్‌సియా జాతిది. అది నెమ్మదిగా పెరిగే రకం, దానికి ఇంకా తక్కువ చాలు. చలి మొదలయ్యే ముందు అసలే వద్దు.

మ్యాట్ల సంగతి నాకు తట్టలేదు, తమ్ముడే చెప్పాడు. ఫంక్షన్ రోజు సాయంత్రం గడ్డి మీద గ్రీన్ మ్యాట్ పరుస్తారు. రాత్రి ఒంటిగంటకు అందరూ పోతారు. మ్యాట్ మాత్రం మర్నాడు మధ్యాహ్నం టెంట్‌హౌస్ ఆటో వచ్చేదాకా అక్కడే. కింద గడ్డి తడి, పైన మూత, మధ్యలో వేడి. ల్యాబ్‌లో ఫంగస్ పెంచాలంటే సరిగ్గా ఇలాగే చేస్తారు. ఆరు ఫొటోల్లో రెండు మచ్చలు స్టేజీ ముందున్నవి, అంటే మ్యాట్ ఎక్కువసేపు ఉండే చోటు. ఫంక్షన్ ముందురోజు పొద్దున నీళ్లు పెట్టి ఆ తర్వాత ఆపేయడం, రాత్రి అతిథులు వెళ్లగానే మ్యాట్ చుట్టేయడం, కుదిరితే పెళ్లికి తెచ్చిన పెడస్టల్ ఫ్యాన్లు రెండిటిని పొద్దున ఓ గంట గడ్డి మీదికి తిప్పడం. నవ్వకండి. అమెరికాలో గాలాడని గోల్ఫ్ గ్రీన్‌ల పక్కన పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టి గడ్డి ఆరబెడతారు. మనకు కనీసం ఫ్యాన్లు కిరాయికి ఉన్నాయి.

గడ్డి కోసే మిషన్ గురించి కొంచెమే చెప్తా. మొద్దు బ్లేడు గడ్డిని కోయదు, చింపుతుంది. చిరిగిన కొసలు తెల్లబడతాయి, ఒక్కో కొస ఫంగస్‌కి తెరిచిన తలుపు. ఒక్కసారి మూడో వంతు కంటే ఎక్కువ ఎత్తు తీయొద్దు. ఫంక్షన్ ఉందని ముందురోజు బోడిగుండు కొట్టించే ఓనర్లున్నారు, వాళ్లకు ఫొటోల్లో కార్పెట్‌లా కనపడాలి. గడ్డి ఆ దెబ్బ నుంచి లేవడానికే వారాలు పడుతుంది. ఇంకోటి, తడి గడ్డి మీద మిషన్ నడపొద్దు. ఒక మాలీ రోజుకు మూడు చోట్ల ఒకే మిషన్ వాడతాడు కాబట్టి, జబ్బున్న లాన్‌ని ఆఖర్న కోయాలి, అయ్యాక బ్లేడు, చక్రాలు కడగాలి. ఆ లాన్‌లో కోసిన ముక్కల్ని తెగులు ఉన్నన్నాళ్లు బయటపడేయాలి.

గడ్డి కింద ఏముందో ఒకసారి చూడండి. చాకుతో అరచేయంత ముక్క కోసి లేపితే, పచ్చ ఆకుకీ మట్టికీ మధ్య గోధుమ రంగు పీచు పొర కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో థాచ్ అంటారు. ఒకటింపావు సెంటీమీటర్ల దాకా ఫర్వాలేదు, పరుపులా పనిచేస్తుంది. అంతకు మించితే నీళ్లు కిందికి దిగవు, ఫంగస్ కాపురం పెట్టేది అందులోనే. జోయ్‌సియాకి ఈ పొర బాగా కడుతుంది. దానికి తోడు మన దగ్గర ఏడాదికోసారి లాన్ మీద ఎర్రమట్టి పోయించే ఆచారం ఉంది. బంకమట్టి అయితే అది గడ్డిమీద మూతలా గట్టిపడుతుంది, నీళ్లు నిలుస్తాయి. ఎర్రమట్టి బదులు ముతక ఇసుక, జల్లెడ పట్టిన బాగా మాగిన కంపోస్టు కలిపి పల్చగా చల్లితే మేలు. పచ్చి పేడ మాత్రం వద్దు. కలుపు విత్తనాలు, పుట్టగొడుగులు ఫ్రీ.

వందలమంది నడిచిన నేల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. తడిసిన మట్టిలో స్క్రూడ్రైవర్ వేళ్లతో నొక్కితే దిగాలి. దిగట్లేదంటే గాలీ నీళ్లూ కూడా దిగట్లేదన్నమాట. ఇనుప ఫోర్కుతో జానెడు దూరంలో పొడుచుకుంటూ పోవాలి, నడుం నొప్పి గ్యారంటీ.

ఈ పొడవడం, పీచు పొర దువ్వి తీయడం గడ్డి బాగా పెరిగే కాలంలోనే చేయాలి. మన దగ్గర అది జూన్, జూలై. ఇక్కడ పాతబస్తీ ఫంక్షన్ హాళ్లకు ఒక అదృష్టం ఉంది. ఆషాఢంలో హిందూ పెళ్లిళ్లుండవు. మొహర్రం నెలలో ముస్లిం పెళ్లిళ్లు దాదాపుగా పెట్టుకోరు, అది ఈమధ్య కొన్నేళ్లుగా జూన్, జూలైల్లోనే పడుతోంది. లాల్‌దర్వాజ, ఉప్పుగూడ అమ్మవార్ల బోనాల డప్పులు మోగే ఆ వారాల్లో హాలు ఖాళీ, గడ్డికి తొలకరి. ఓనర్లు గేటుకి రంగులేయించుకునేది అప్పుడే. లాన్‌కీ ఆ నెల ఇవ్వాలి. కార్తీకంలో, చలి దగ్గరపడ్డాక ఫోర్కు పట్టుకుంటే గడ్డికి గాయం తప్ప ఒరిగేదేం లేదు.

మరి మందు సంగతేంటి? మచ్చల తెగులు కొత్తదేం కాదు. మేనేజ్‌మెంట్ చదివినవాళ్లకు ఫ్రెడరిక్ టేలర్ గుర్తుంటాడు, స్టాప్‌వాచ్ పట్టుకుని కార్మికుల పనిని కొలిచినాయన. ఆయనకు గడ్డి పిచ్చి కూడా ఉండేది. ఈ రైజోక్టోనియా మచ్చను లాన్ గడ్డిలో మొదట గమనించింది 1914లో ఫిలడెల్ఫియాలో ఆయన తోటలోనే. ఆ తర్వాత గోల్ఫ్ కోర్సులు దశాబ్దాల పాటు పాదరసం కలిసిన మందులు కొట్టాయి. అవును, థర్మామీటర్‌లో ఉండే పాదరసమే. అవి విషమని తేలి ఆగిపోయాయి, తర్వాత వచ్చిన మందుల్లో కొన్నిటికి డాలర్ స్పాట్ ఫంగస్ అలవాటుపడి లెక్కచేయడం మానేసింది. మందు అసలే వద్దని నేననను. కానీ అది చచ్చిన ఆకును పచ్చగా చేయదు, పాకడాన్ని ఆపుతుందంతే. రాత్రి నీళ్లు అలాగే సాగితే మళ్లీ కొట్టాలి, మళ్లీ కొనాలి.

మూడు పొడులు కలపడం మాత్రం ఖచ్చితంగా వద్దు. ప్యాకెట్ తిప్పి చూడండి. పెద్దక్షరాల బ్రాండు పేరు కింద చిన్నక్షరాల్లో మందు అసలు పేరుంటుంది. ఒక్కోసారి రెండు బ్రాండ్ల లోపల ఒకటే ఉంటుంది. ఏ పంటకు, ఎంత మోతాదు అన్నది రాసి ఉంటుంది. ఒక చతురస్రంలో రంగు త్రికోణం ఉంటుంది: ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. తక్కువ అంటే లేదని కాదు. మాస్కు, గ్లౌజులు లేకుండా, రేపు పెళ్లనగా ఈరోజు, పిల్లలు కూర్చునే గడ్డి మీద కొట్టే పని అయితే అది మచ్చ కంటే పెద్ద సమస్య. చుట్టుపక్కలవాళ్లు పూజకు గరిక తెంపుకెళ్లే చోటైతే ఇంకానూ. ట్రైకోడెర్మా పొడి కంపోస్టులో కలిపి చల్లుకోవచ్చు, మట్టిలో కొంత సాయం చేస్తుంది, అద్భుతాలు చేయదు. అదీ ఒక ఫంగసే కాబట్టి రసాయన మందుతో కలిపితే చస్తుంది, డబ్బులు రెండువైపులా దండగ.

తమ్ముడికి నేను చెప్పింది ఇది. ఈ రాత్రి నుంచే పైపు కట్టెయ్. యూరియా బస్తా లోపల పెట్టెయ్. మచ్చ అంచుల చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చు, వారం తర్వాత పుల్ల దాటిందా లేదా చూడు. ఆగితే మందు అవసరం లేదు. రెండు వారాలైనా పాకుతూనే ఉంటే, అంచు దగ్గర సగం మంచి సగం పాడైన గడ్డిని మట్టితో సహా కోసి, తడి చేయకుండా పేపర్లో చుట్టి రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లు. అక్కడ మొక్కల తెగుళ్ల విభాగం ఉంది. తెగులేదో తేలాక ఒక్క మందు, లేబుల్ మీదున్న మోతాదు, ఖాళీగా ఉన్న వారంలో.

ఓనర్‌కి కూడా నిజం చెప్పమన్నా. జోయ్‌సియా తాబేలు. కార్తీకం పెళ్లిళ్లలోపు ఆ మచ్చలు వాటంతటవి పూడవు, మాలీని మార్చినా పూడవు. స్టేజీ ముందు రెండు మచ్చలు మాత్రం తీసి, పైన కుళ్లిన పీచు గీకేసి, కొత్త కార్పెట్ ముక్కలు వేస్తే ఫొటోలకు సరిపోతుంది. మిగతావి వచ్చే తొలకరికి. ఎండ రోజంతా పడే భాగంలో ఎప్పుడైనా మళ్లీ వేయాల్సి వస్తే మన గరిక జాతి బెర్ముడా వేయమనండి. నీడలో అది బతకదు గానీ, ఎండలో దెబ్బ తిన్నా వారాల్లో అల్లుకుపోతుంది.

నెల డబ్బుల గురించి కూడా అడిగాడు కాబట్టి: కొత్త నెలకు మాట్లాడుకునేటప్పుడు మూడు మాటలు వాట్సాప్‌లో రాతపూర్వకంగా పెట్టుకో. ఫంక్షన్ అయిన రాత్రే మ్యాట్ ఎవరు తీయాలి, ట్యాంకు ఎవరు పెట్టాలి, ఆషాఢంలో లాన్‌కి ఎన్ని రోజుల సెలవు. ఈ మూడూ మాలీ చేతిలో లేనివి. వాటివల్ల వచ్చిన మచ్చకు మాలీ జీతం కోయడమేంటని నీ తరఫున నేనే అడుగుతున్నా.

మీ గడ్డి ఫొటోలు పంపేవాళ్లు పొద్దున ఆరున్నర లోపు, మచ్చ అంచు దగ్గర, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి తీయండి. ఫిల్టర్లు వద్దు. నీళ్లు ఏ టైముకి పెడుతున్నారో కింద రాయండి.